పన్నెండు చక్రాల ల్యాండ్‌మాస్టర్: ఎనిమిదీ నేలకి ఆనాలంటే

ప్రశ్న: 1977లో వచ్చిన ‘డామ్నేషన్ ఆలీ’ సినిమాలోని ల్యాండ్‌మాస్టర్ బండిని 1/35 స్కేల్లో (అసలు సైజులో 35వ వంతు) కడుతున్నాను. కిట్ కాదు, స్టైరీన్ ప్లాస్టిక్ షీటు కోసి అంతా సొంతంగా చేస్తున్నదే. ముందు భాగం పెట్టెని 1 మి.మీ. షీటుతో చేశాను. బాగా కుదిరిందనుకున్న మూడు వారాలకి పక్క గోడలు లోపలికి గుంటపడ్డాయి. చక్రం ఒకటి చేసి, దానికి సిలికాన్ అచ్చు తీసి, రెజిన్ అనే గట్టిపడే ద్రవంతో పన్నెండు పోశాను. సగం వాటికి ట్రెడ్ (టైరు పళ్ళు) మూలల్లో బుడగలు. వాటినే సూపర్ గ్లూతో బిగించి చూస్తే నేలకి ఆనాల్సిన ఎనిమిదింటిలో అయిదే ఆనుతున్నాయి. ముక్కు దగ్గరి వాలు పలకలేమో ఫోటోలో కొలిచి కోసిన ప్రతిసారీ పొట్టి అవుతున్నాయి. ఇదంతా పక్కన పడేసి 1/24లో మళ్ళీ మొదలుపెట్టమంటారా? చివర్లో తుప్పు ఎలా వెయ్యాలో కూడా చెప్పండి.

సమాధానం: 1/24కి మారకండి. మారితే పొడవు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, షీటు రెట్టింపుకి పైగా పడుతుంది, బరువు మూడు రెట్లు దాటుతుంది. ఇప్పుడే గుంటపడుతున్న గోడ, దానికి రెట్టింపు పెద్దదైతే ఇంకా తేలిగ్గా పడుతుంది. పైగా 1/35 అంటే సైనిక వాహనాల స్కేలు. మిగిలిపోయిన ట్యాంకు కిట్లలోంచి హ్యాచ్‌లు, పనిముట్లు, పెట్రోలు డబ్బాలు, మనిషి బొమ్మలు అన్నీ తీసి వాడుకోవచ్చు. 1/24లో ఎక్కువగా దొరికేవి కార్ల భాగాలు, ఈ బండికి వాటితో పెద్ద పనిలేదు.

చక్రాలతో మొదలుపెడదాం. అసలు ఈ మోడల్‌ని కట్టడం కూడా చక్రాలతోనే మొదలవ్వాలి. ఎందుకో తెలియాలంటే అసలు బండి ఎలా నడిచేదో గుర్తుచేసుకోవాలి. దీన్ని డీన్ జెఫ్రీస్ 1976లో కట్టాడు. అప్పట్లో 3,50,000 డాలర్లు ఖర్చయింది. ఫోర్డ్ వారి 390 ఘనపుటంగుళాల ఇంజను పెట్టారు. బండికి నాలుగు గుత్తులుంటాయి. ఒక్కో గుత్తిలో త్రికోణంగా మూడు చక్రాలు, రెండు నేల మీద, ఒకటి పైన. పెద్ద బండ అడ్డొస్తే గుత్తి మొత్తం హబ్ (గుత్తి నడిమి ఇరుసు) చుట్టూ దొర్లి, పైచక్రం ముందుకి దిగి ఆ బండని ఎక్కుతుంది. మలుపు తిరగడానికి చక్రాలు పక్కకి తిరగవు. బండి రెండు ముక్కలుగా ఉంటుంది, హైడ్రాలిక్ సిలిండర్లు నడుము దగ్గర వంచుతాయి.

గుత్తి దొర్లడం, నడుము కదలడం. మీ మోడల్లో ఈ రెండూ చివరిదాకా వదులుగా ఉంటే చాలు, ఎనిమిది చక్రాలూ వాటంతటవే నేలకి దిగుతాయి. హబ్ మీద స్వేచ్ఛగా తిరిగే గుత్తికి ఎప్పుడూ రెండు చక్రాలు నేలకి ఆనే ఉంటాయి. ఒక టైరు అర మిల్లీమీటరు చిన్నదైనా గుత్తి ఆ మేరకి కొంచెం వాలి సర్దుకుంటుంది. మిగిలేది నాలుగు హబ్‌ల మధ్య తేడా ఒక్కటే. నాలుగు కాళ్ళ బల్లకి ఒక కాలు ఊగినట్టు ఒక గుత్తి గాల్లో ఉండిపోయే ప్రమాదం ఉంది. నడుము దగ్గర ముందు ముక్క, వెనక ముక్క ఒకదానికొకటి కాస్త మెలి తిరిగే వీలుంటే ఆ తేడా కూడా పోతుంది. మీరు గుత్తుల్ని ఇరుసులకి ముందే అతికించేశారు కాబట్టి అయిదు చక్రాలే ఆనడం మామూలే.

అతికించినవి ఊడదియ్యడానికి అసిటోన్ జోలికి పోకండి, స్టైరీన్ కరిగిపోతుంది. సూపర్ గ్లూ చలికి పెళుసెక్కుతుంది. ఆ భాగాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఒక గంట ఉంచి, తియ్యగానే పక్కకి మెలితిప్పితే చాలావరకు అతుకు టక్కున విడిపోతుంది. విడవకపోతే సన్నటి రంపంతో కోసెయ్యండి. లాగకండి, రెజిన్ విరుగుతుంది.

ఇప్పుడు గుత్తి కొలతలు. ఉదాహరణకి టైరు అడ్డుకొలత 28 మి.మీ. అనుకుందాం. 1/35లో అది 98 సెం.మీ. టైరు అవుతుంది. గుత్తిలో పక్కపక్క టైర్ల కేంద్రాల మధ్య దూరం, హబ్ మధ్య నుంచి టైరు కేంద్రానికి ఉన్న దూరానికి 1.73 రెట్లు. టైర్ల మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు సందు కావాలంటే కేంద్రాల మధ్య 29.5 మి.మీ. ఉండాలి, అంటే హబ్ నుంచి 17 మి.మీ. ఈ లెక్కన హబ్ నేల నుంచి 22.5 మి.మీ. ఎత్తులో ఉంటుంది (టైరు సగం 14, దానికి 17లో సగం 8.5 కలిపితే). పైచక్రం నెత్తి 53.5 మి.మీ. దగ్గర. మీ టైరు కొలత వేరైతే ఇవే లెక్కలు దానికి వేసుకోండి. ఈ మూడు అంకెలూ తేలాకే బాడీ అడుగు ఎక్కడుండాలి, పక్క గోడలో చక్రాల కోసం ఎంత ఖాళీ వదలాలి అన్నవి తేలతాయి. గుత్తి పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి హబ్ చుట్టూ 17కి 14 కలిపి 31 మి.మీ. వ్యాసార్థం ఖాళీ కావాలి. బాడీ ముందే కట్టేస్తే ఇక్కడే పైచక్రం గోడకి రాసుకుంటుంది.

మూడు చేతుల పలకని గీయడానికి ప్రొట్రాక్టర్ వద్దు. వృత్తలేఖినిని 17 మి.మీ. తెరిచి వృత్తం గీసి, అదే తెరుపుతో చుట్టూ గుర్తులు పెడుతూ వెళ్తే ఆరు గుర్తులు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిగ్గా 120 డిగ్రీలు. 2 మి.మీ. స్టైరీన్‌తో నాలుగు పలకలు కోసి, రెండువైపులా అంటుకునే టేపుతో ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగింటికీ ఒకేసారి బెజ్జాలు వెయ్యండి. తప్పు జరిగినా నాలుగింట్లో ఒకేలా జరుగుతుంది, బండి నిలబడడానికి అది చాలు. హబ్‌కి 3 మి.మీ. ఇత్తడి కడ్డీ, బాడీలో దాన్ని పట్టుకునేందుకు 4 మి.మీ. ఇత్తడి గొట్టం. గొట్టం లోపలి కొలత 3.1 మి.మీ. ఉంటే కడ్డీ ఊగకుండా తిరుగుతుంది. కొనేముందు కడ్డీని గొట్టంలో దూర్చి చూసుకోండి.

చక్రం మూల నమూనాకి 2 మి.మీ. బిళ్ళలు అయిదు, 1 మి.మీ. బిళ్ళ ఒకటి కలిపి అతికిస్తే 11 మి.మీ. మందం వస్తుంది. ఒక రోజు ఆరనిచ్చి, మధ్యలో 3 మి.మీ. బోల్టు బిగించి, బల్లకి కట్టేసిన డ్రిల్లులో తిప్పుతూ ఎమెరీ కాగితంతో గుండ్రంగా అరగదియ్యండి. వేగం తక్కువ ఉండాలి, లేకపోతే స్టైరీన్ వేడెక్కి జిగటై కాగితానికి అంటుకుంటుంది. కళ్ళద్దాలు మరవకండి. ట్రెడ్ పళ్ళు 0.75 మి.మీ. పట్టీతో వేస్తారు కాబట్టి లోపలి బిళ్ళ 28కి బదులు 26.5 మి.మీ. దగ్గర ఆగాలి. పళ్ళ మధ్య దూరం సమంగా రావడానికి బిళ్ళ చుట్టూ కాగితం పట్టీ చుట్టి, కలిసిన చోట కోసి, బల్ల మీద పరిచి సమభాగాలు చేసి మళ్ళీ చుట్టండి. 22 పళ్ళు కావాలంటే ఒక్కో భాగం సుమారు 3.8 మి.మీ. వస్తుంది. ఒక్కో పన్ను పైఅంచుల్ని ఆకురాయితో ఒక్కసారి తాకించి కొంచెం వాలుగా చెయ్యండి. అచ్చులోంచి చక్రం జారి రావడానికి ఈ చిన్న వాలు చాలా సాయం చేస్తుంది.

చాలామంది చక్రానికి రెండు ముక్కల అచ్చు చేస్తారు. ఇక్కడ అది అనవసరం. గుత్తిలో చక్రం లోపలి వైపు మూడు చేతుల పలకకి ఆనుకుని దాగిపోతుంది. అందుకని చక్రాన్ని బయటి ముఖం పైకి పెట్టి, లోపలి ముఖాన్ని పెట్టె అడుక్కి అంటించి, పై నుంచి సిలికాన్ పోసేస్తే ఒకే ముక్క అచ్చు వస్తుంది. ట్రెడ్ మధ్యలో అతుకు గీత ఉండదు, దాన్ని పన్నెండు సార్లు గీకే పని ఉండదు. ట్రెడ్ గాళ్ళు ఇరుసుకి సమాంతరంగా ఉంటే చక్రం నేరుగా జారి వస్తుంది. టైరు చుట్టూ తిరిగే గాడి ఒకటి ఉన్నా లోతు 1 మి.మీ. లోపైతే సిలికాన్ సాగి వదులుతుంది.

కొలత చెప్తాను. 40 మి.మీ. చదరం, 18 మి.మీ. ఎత్తు పెట్టెలో చక్రం పోను సుమారు 22 మి.లీ. ఖాళీ ఉంటుంది. గిన్నెకి అంటుకునేది కలుపుకుని 30 గ్రాముల సిలికాన్ కలపండి. ప్లాటినం రకం సిలికానైతే గంధకం ఉన్న మట్టి తగిలిన చోట గట్టిపడక జిగటగా ఉండిపోతుంది. మట్టితో పెట్టె అంచులు మూసే అలవాటుంటే గంధకం లేని మట్టే వాడాలి. ముందు పలచగా కొంత సిలికాన్ బ్రష్‌తో ట్రెడ్ సందుల్లోకి పూసి, ఆ తరవాత పెట్టె ఒక మూల నుంచి సన్నటి ధారగా పొయ్యండి. చక్రం మీద నేరుగా పొయ్యకండి, సిలికాన్ కింద నుంచి పైకి ఎక్కుతూ చక్రాన్ని కప్పాలి.

రెజిన్ విషయానికొస్తే, ఒక్కో చక్రానికి సుమారు 7 మి.లీ. పన్నెండు కావాలంటే పదహారు పొయ్యండి, మంచివి ఏరుకోవచ్చు. వృథాతో కలిపి 150 గ్రాముల పాలీయురిథేన్ రెజిన్ సరిపోతుంది. మీ బుడగలు ఎలాంటివో చూస్తే కారణం తెలిసిపోతుంది. పన్ను మూల విరిగినట్టు గుంట ఉంటే రెజిన్ పోసినప్పుడు అక్కడ గాలి చిక్కుకుంది. చక్రం మీద గుండ్రటి పొక్కులు బయటికి పొడుచుకుని ఉంటే గాలి సిలికాన్ అచ్చులోనే ఉంది, అలాంటి అచ్చుని బాగుచెయ్యలేం, మళ్ళీ తియ్యాల్సిందే. లోపలంతా నురగలా ఉబ్బి, పైమట్టం దాటి పొంగితే తేమ. పాలీయురిథేన్ గాలిలోని తేమతో కలిసి వాయువు పుట్టిస్తుంది. సీసా మూత తీసి ఉంచినా, తడి పుల్లతో కలిపినా ఇదే జరుగుతుంది.

మీరు రాసింది మొదటి రకం. దీనికి మందు తేలిక. అచ్చులో పల్చగా టాల్కం పొడి చల్లి, తిరగేసి తట్టి ఎక్కువైనది దులిపెయ్యండి. పొడి మీద రెజిన్ పాకుతుంది, గాలి బయటికి జారుతుంది. రెజిన్ కలిపాక కొద్దిగా పోసి, పళ్ళు కుట్టుకునే పుల్లతో ప్రతి పన్ను సందులోకీ నెట్టి, అచ్చుని నాలుగు వైపులా వంచి తిప్పి, ఆ తరవాతే నింపండి. చాలా రెజిన్లు మూడు నాలుగు నిమిషాల్లో గట్టిపడడం మొదలుపెడతాయి, అందుకే ఒకసారికి రెండు చక్రాలకి మించి కలపకండి. డబ్బా మీద రాసిన సమయం కన్నా పది నిమిషాలు ఎక్కువ ఉంచి తియ్యండి. తొందరపడి మెత్తగా ఉన్నప్పుడు లాగితే చక్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, తరవాత అలాగే గట్టిపడుతుంది. చేతికి తొడుగులు, కిటికీ తెరిచి ఉన్న గది తప్పనిసరి. రెజిన్‌ని అరగదీసేటప్పుడు తడి కాగితం వాడండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇంకో జాగ్రత్త. పని వేగంగా సాగాలని మొదటి అచ్చులో పోసిన చక్రాల్నే మూలంగా పెట్టి ఇంకో అచ్చు తియ్యాలనిపిస్తుంది. తియ్యండి, తప్పు లేదు. కానీ ఒక్కో తరానికి కొలత కొంచెం తగ్గుతుంది. పన్నెండూ ఒకే తరంవి కావాలి. రెండు తరాలు కలిపితే ఒకే గుత్తిలో ఒక చక్రం చిన్నగా కనబడుతుంది, ఆ సంగతి రంగు వేశాకే బయటపడుతుంది.

నేలకి ఆనే ఎనిమిది చక్రాల అడుగుని అద్దం మీద పరిచిన 400 నంబరు ఎమెరీ కాగితం మీద నాలుగైదు సార్లు రాసి 0.3 మి.మీ. చదును చెయ్యండి. బండి బరువుకి టైరు నొక్కుకున్నట్టు కనబడుతుంది. పైచక్రాలు నాలుగూ గుండ్రంగానే ఉండాలి. ఈ తేడా ఎవరూ గమనించకపోయినా బండి బరువుగా కూర్చున్నట్టు అనిపించేది దీనివల్లే.

నడుము కీలు దగ్గర రెండు కదలికలు కావాలి. పక్కకి వంగడానికి నిలువు కడ్డీ, మెలి తిరగడానికి బండి పొడవు దిశలో ఇంకో కడ్డీ. 3 మి.మీ. ఇత్తడి కడ్డీలే రెండూ, నిలువు గొట్టాన్ని పొడవు కడ్డీ చివర టంకం వేసి అతికించండి. ఇక్కడ సూపర్ గ్లూ నిలవదు. పొడవు కడ్డీ వెనక ముక్కలోని గొట్టంలో తిరుగుతుంది. అటూ ఇటూ మూడు నాలుగు డిగ్రీలకి మించి తిరగకుండా చిన్న ఆపుడు పెట్టండి, లేకపోతే బండిని ఎత్తినప్పుడల్లా వెనక ముక్క బోర్లా పడుతుంది. రెండు ముక్కల మధ్య సందు ఎంతుండాలో లెక్క ఉంది: బాడీ వెడల్పుని, వంపులో సగం కోణం టాంజెంటుతో గుణించాలి. 70 మి.మీ. వెడల్పు బాడీ 30 డిగ్రీలు వంగాలంటే 19 మి.మీ. సందు కావాలి, 20 డిగ్రీలు చాలనుకుంటే 12 మి.మీ. ఫోటోలో అంత సందు కనబడకపోతే రెండు ముక్కల ఎదురెదురు మూలల్ని లోపలి వైపు వాలుగా కోసెయ్యండి. హైడ్రాలిక్ సిలిండర్లు ఉత్తుత్తివే, 2 మి.మీ. గొట్టంలో జారే 1 మి.మీ. కడ్డీ. వాటి చివర్లని పిన్నుల మీద వదులుగా ఉంచండి.

ఇవన్నీ కూర్చాక బండిని మందపాటి అద్దం మీద పెట్టండి. గుత్తులు దొర్లి, నడుము సర్దుకుని, ఎనిమిదీ కూర్చుంటాయి. కాగితం ముక్కని ఒక్కో చక్రం కిందికి నెట్టి చూడండి, ఎక్కడా దూరకూడదు. అప్పుడు హబ్‌ల వెనక నుంచి అరగంటలో బిగుసుకునే రకం ఎపాక్సీ జిగురు ఒక చుక్క పెట్టి మర్నాటిదాకా కదపకండి. అయిదు నిమిషాల ఎపాక్సీ వద్దు, ఒక గుత్తి సర్దేలోపే ఇంకోటి బిగుసుకుంటుంది. ఎగుడుదిగుడు నేల ఉన్న డయోరామాలో (చిన్న దృశ్యం నమూనాలో) పెట్టే ఆలోచనుంటే అద్దానికి బదులు ఆ నేల మీదే కూర్చోబెట్టి అతికించాలి.

గుంటపడ్డ గోడల సంగతి. స్టైరీన్ జిగురు నిజానికి జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కరిగించే ద్రావకం. మూసేసిన పెట్టెలో ఆ ఆవిరి బయటికి పోలేక వారాల తరబడి గోడల్ని లోపలి నుంచి మెత్తబరుస్తూనే ఉంటుంది. లోపల ఆధారం లేకపోతే గోడ కుంగుతుంది. మీరు పెట్టె అడుగున 3 మి.మీ. బెజ్జాలు కొన్ని వేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. రెండు షీట్లు పొరలుగా అతికించినప్పుడూ ఇదే తిప్పలు. మధ్యలో చిక్కిన ద్రావకానికి దారి లేక పైపొర ఉబ్బుతుంది. లోపలి షీటుకి అక్కడక్కడా బెజ్జాలు వేసి, ద్రావకాన్ని ముఖమంతా పొయ్యకుండా గీతలుగా రాయండి.

పాత పెట్టె పూర్తిగా పోయినట్టేమీ కాదు. అడుగు కోసి తీసేసి వారం రోజులు గాలికి వదలండి. గుంట 1 మి.మీ. లోపే ఉంటే లోపలి నుంచి అడ్డ పలకలు పెట్టి గోడని వెనక్కి నెట్టవచ్చు. అంతకన్నా లోతైతే ఆ గోడ మార్చెయ్యడమే తక్కువ పని, పుట్టీతో మట్టం చెయ్యాలని చూడకండి. పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, మందంగా పూస్తే కింది ప్లాస్టిక్‌ని మళ్ళీ మెత్తబరుస్తుంది. అడ్డ పలకలు ప్రతి 25 నుంచి 30 మి.మీ.కి ఒకటి ఉండాలి, ఒక్కోదాని మధ్యలో పెద్ద కిటికీ కోసెయ్యండి, గాలి ఆడుతుంది. ప్రతి పలకనీ మూలమట్టం పెట్టి చూసుకుంటూ నిలబెట్టాలి. షీటు కొయ్యడానికి మూడు సార్లు తేలిగ్గా గాటు పెట్టి విరిస్తే చాలు. ఒక్కసారిగా లోతుగా కోస్తే అంచు పైకి లేచి, అతుకులో గీతలా కనబడుతుంది.

ముక్కు పలకలు పొట్టి అవడానికి కారణం, పక్క నుంచి తీసిన ఫోటోలో వాలు పలక నిజమైన పొడవు కనబడదు. మీ వైపు నుంచి లోపలికి వాలుతున్న పలక ఎప్పుడూ కుంచించుకునే కనబడుతుంది. పక్క ఫోటోలో 40 మి.మీ. కనబడి, ముందు నుంచి చూస్తే 15 మి.మీ. లోపలికి వెళ్ళిన పలకని లంబకోణ త్రిభుజం కర్ణంగా లెక్కగట్టాలి. 42.7 మి.మీ. వస్తుంది. ఆ 2.7 మి.మీ. సందునే మీరు ప్రతిసారీ పుట్టీతో పూడ్చాలని చూస్తున్నారు. ముందు 1.5 మి.మీ. షీటుతో ముక్కు మధ్య నిలువు ఆకారం కోసి వెన్నెముకలా నిలబెట్టండి. దానికి అటూ ఇటూ అడ్డ పలకలు. వాటి మీద అట్ట ముక్కలు ఆనించి, టేపు వేసి, అంచులు సరిపోయేదాకా కత్తిరించి, ఆ అట్టనే మూసగా పెట్టుకుని షీటు కొయ్యండి. షీటుని అట్టకన్నా 1 మి.మీ. పెద్దదిగా కోసి ఎమెరీ కాగితంతో దించుకుంటూ రావాలి. రెండు పలకలు కలిసే అంచు దగ్గర ఒక్కోదాన్ని సగం కోణానికి వాలుగా రాయండి.

ఫోటోల విషయంలో ఇంకో మాట. టైరు గుండ్రటిది, కాబట్టి అదే మీ తనిఖీదారు. స్క్రీన్ మీద టైరు వెడల్పు, ఎత్తు కొలవండి. వెడల్పు ఎత్తులో 97 శాతమే ఉంటే కెమెరా సుమారు 14 డిగ్రీలు పక్కకి ఉందని అర్థం, ఆ ఫోటోలో పొడవులన్నీ 3 శాతం తక్కువ వస్తాయి. వెడల్పే ఎక్కువుంటే వీడియో అడ్డంగా సాగిపోయిన కాపీ. ముందు గుత్తి టైరుకీ వెనక గుత్తి టైరుకీ సైజు తేడా 2, 3 శాతం దాటితే దగ్గర నుంచి తీసిన ఫోటో, పొడవులకి పనికిరాదు, చిన్న వివరాలకి మాత్రమే ఉంచుకోండి. మిగిలిన ఫోటోల్లో అన్నిటినీ టైరు అడ్డుకొలతల్లో రాసుకోండి: బండి పొడవు ఇన్ని టైర్లు, తలుపు ఎత్తు ఇన్ని టైర్లు అని. టైరు అసలు సైజు కోసం బండిని ఆనుకుని నిలబడ్డ మనిషిని చూడండి. 175 సెం.మీ. మనిషి 1/35లో సరిగ్గా 50 మి.మీ. ఫోటో ఏ కాలంనాటిదో కూడా గమనించండి. సినిమా అయ్యాక ఈ బండి ఏళ్ల తరబడి జెఫ్రీస్ షాపు బయట ఎండకీ వానకీ ఉంది, 2005లో చేతులు మారాక బాగుచేశారు. సినిమాలోని బండి కావాలంటే సినిమా ఫ్రేములే ప్రమాణం.

అద్దాలకి 0.4 మి.మీ. పారదర్శక షీటు, అతికించడానికి తెల్లటి పీవీఏ జిగురు. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. ముందద్దం పెద్దది, లోపలి సీట్లన్నీ కనబడతాయి. పైకప్పు మూసేముందే లోపలి పని, రంగుతో సహా అయిపోవాలి.

ఇక తుప్పు. ప్రపంచం నాశనమైన సినిమా అనగానే పుర్రెలు, ముళ్ళకంచె, గుమ్మం నుంచి గుమ్మం దాకా తుప్పు వేసెయ్యాలనిపిస్తుంది. ఈ బండికి అది అతకదు. కథలో ఇది సైన్యం జాగ్రత్తగా కట్టుకుని షెడ్డులో దాచుకున్న బండి, అతుకుల గతుకుల బండి కాదు. దీనికి కావాల్సింది దుమ్ము. తుప్పు చూపించాలనుకుంటే గీసుకుపోయే చోట్ల చాలు: మెట్ల అంచులు, హ్యాచ్ చుట్టూ, నడుము కీలు. కింద ముదురు గోధుమ రంగు లాకర్ పెయింటు వేసి ఆరనిచ్చి, దాని మీద హెయిర్‌స్ప్రే రెండు పల్చటి పూతలు, ఆరాక నీళ్ళతో పలచబరిచిన యాక్రిలిక్ పైరంగు. ఒక గంటలోపు తడి బ్రష్‌తో రుద్దితే పైరంగు పెచ్చులూడుతుంది. యాక్రిలిక్‌ని లాకర్ థిన్నర్‌తో పలచబరిస్తే గట్టిగా పట్టేసి ఊడదు. ఊడినప్పుడు కొలత గుర్తుపెట్టుకోండి, మీ మోడల్ మీద 1 మి.మీ. పెచ్చు అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల దెబ్బ. ఎక్కువ పెచ్చులు అర మిల్లీమీటరు లోపే ఉండాలి.

దుమ్ము కింది నుంచి పైకి పలచబడుతూ పోవాలి, పైకప్పు మీద మళ్ళీ కొంచెం. చక్రాల దగ్గర మాత్రం ఈ సూత్రం పనిచెయ్యదు. అడ్డం ఎక్కినప్పుడల్లా గుత్తి దొర్లుతుంది కాబట్టి పైచక్రం కూడా నిన్నో మొన్నో నేల మీద నడిచిందే. దాన్ని శుభ్రంగా వదిలేస్తే బండి ఎప్పుడూ కదల్లేదన్నట్టు ఉంటుంది. పన్నెండింటికీ ట్రెడ్ సందుల్లో ఒకే మట్టి రంగు నింపండి, నేలకి ఆనే ఎనిమిదింటికి మాత్రం పళ్ళ పైముఖాల మీద తుడిచెయ్యండి. చక్రాలు గుత్తులకి బిగించకముందే, ఇరుసు బెజ్జంలో పుల్ల గుచ్చి పట్టుకుని ఈ పని చేస్తే లోపలి చక్రాల సందులకి బ్రష్ అందుతుంది. అద్దం మీద ఎపాక్సీ పెట్టేది రంగులన్నీ అయ్యాకే.